అన్నీ నార్మలే, ఆయాసం మాత్రం తగ్గలేదు

తెనాలిలో ఒక ఇంటి వరండా. ఎక్కువగా మాట్లాడుకునేది ఇద్దరు. ఒకరు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మేస్టారు. రెండో మనిషి ఆయన మేనకోడలు, గుంటూరులో ఛాతీ జబ్బుల వార్డులో చాలా ఏళ్ళుగా స్టాఫ్ నర్సు. వాదన మేస్టారి భార్య ఆయాసం గురించి. ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళు. మనుషులు కల్పితం. వాదన మాత్రం మన ఇళ్ళలో రోజూ జరిగేదే. వైద్యం సంగతులు కల్పించినవి కావు.

మావయ్య: ఇదిగో ఫైలు, నువ్వే చూసుకో. ఈసీజీ నార్మల్. టూడీ ఎకో నార్మల్. ఎక్స్‌రే నార్మల్. బిల్లు ఎనిమిది వేల చిల్లర. ఇంకేం కావాలమ్మా? గ్యాస్ అది. వయసు మీద పడ్డాక ఆడవాళ్ళకి ఉండేదే.

మేనకోడలు: గ్యాస్ అని ఏ కాగితంలో రాశారు మావయ్యా? నాకు కనపడట్లేదు.

మావయ్య: ఎందుకు రాస్తారు? గ్యాస్ అని రాస్తే మళ్ళీ రమ్మనడానికి ఉండదుగా.

మేనకోడలు: సరే, మొదలు ఎప్పుడో చెప్పండి.

మావయ్య: రెండు నెలలైంది. డాబా మీద బట్టలు ఆరేసి దిగేసరికి రొప్పుతోంది. అప్పుడప్పుడు ఎద పట్టేసినట్టు ఉందంటుంది. మొన్న శుక్రవారం రాత్రి పదకొండు దాటాక మరీ ఎక్కువైంది. ఈనో తాగించా, వాము నమిలించా, వీపు రాశా. తెల్లవారుజామున కాస్త కునుకు పట్టింది. శనివారం భోజనాలయ్యాక ఆసుపత్రికి తీసుకెళ్ళా.

మేనకోడలు: పదకొండింటికి ఎద పట్టేస్తే మర్నాడు భోజనాలయ్యాకా?

మావయ్య: అర్ధరాత్రి ఎవడుంటాడు?

మేనకోడలు: క్యాజువాలిటీ ఉంటుంది. 108 ఉంటుంది. 2005 నుంచీ మన రాష్ట్రంలో తిరుగుతున్న బండి అది. అదే ఎద మీకు పట్టేసి ఉంటే ఆగేవాళ్ళా?

(ఈ ప్రశ్నకి మేస్టారు జవాబు చెప్పలేదు, నేను చెప్తాను. ఆగరు. మగాడికి గుండెల్లో కలుక్కుమంటే పక్కింటి కారు వస్తుంది. ఆడమనిషికి ఆయాసం వస్తే పెళ్ళిళ్ళ సీజను అయ్యాక చూద్దామంటారు. ఆవిడే అంటుంది ఆ మాట, అది ఇంకా పెద్ద చిక్కు. షుగరు ఉన్నవాళ్ళలోనూ ఆడవాళ్ళలోనూ గుండెపోటు చాలాసార్లు నొప్పి లేకుండా ఒట్టి ఆయాసంగానో, దవడ లాగడంగానో, ఒళ్ళు వశం తప్పేంత నీరసంగానో వస్తుంది. సినిమాల్లో లాగా ఛాతీ పట్టుకుని పడిపోవడం కోసం కాచుకుని కూర్చుంటే ఆ జబ్బుకి మనం టైమిచ్చినట్టే.)

మావయ్య: నా భయం నీకు అర్థం కావట్లేదు. ఎద నొప్పి అంటూ గుమ్మం తొక్కితే చాలు, యాంజియోగ్రామ్ అంటారు. అది చేసి, మనిషి బల్ల మీద ఉండగానే బయటికొచ్చి, డెబ్భై శాతం బ్లాకు, స్టెంటు వెయ్యాలి, సంతకం పెట్టండి అంటారు. అప్పుడు నేను కాదనగలనా? 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం ధరకి కళ్ళెం వేసేదాకా ఒక్కో స్టెంటుకి లక్ష పైన గుంజారు. పరిమితి పెట్టగానే మందు పూసినదే ముప్పై వేల లోపుకి దిగింది. మరి అంతకు ముందు మిగిలిందంతా ఎవరి జేబులోకి పోయింది?

మేనకోడలు: అది మీరన్నది నిజమే.

మావయ్య: ఇంకోటి కూడా చదివాను. 2019లో ఇస్కీమియా అని పెద్ద పరిశోధన బయటికొచ్చింది. 37 దేశాల్లో అయిదు వేల మందికి పైగా. స్టెంటో బైపాసో చేయించుకున్నవాళ్ళకీ, మందులతో సరిపెట్టుకున్నవాళ్ళకీ చావుల్లో గానీ గుండెపోట్లలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదట. ఇదేమీ నా సొంత కవిత్వం కాదు.

మేనకోడలు: అందులో ఎవరిని తీసుకున్నారో కూడా చదివారా? నడిస్తే నొప్పి, ఆగితే తగ్గుదల, నెలల తరబడి అదే తీరు, అలాంటి నిలకడైన జబ్బు వాళ్ళని. అర్ధరాత్రి కొత్తగా ఎద బిగుసుకుని చెమటలు పట్టిన వాళ్ళని అందులో కలపలేదు. వాళ్ళకి మూసుకున్న రక్తనాళం ఎంత తొందరగా తెరిస్తే అంత గుండె మిగులుతుంది. మీరు మొదటి రకం వాళ్ళ లెక్క తెచ్చి రెండో రకం రాత్రికి వాడారు. నెలల తరబడి ఒకే తీరుగా ఉన్న నొప్పికి ముగ్గుర్ని అడిగి నిర్ణయం తీసుకోండి, మీతో పాటు నేనూ వస్తా. కానీ కూర్చున్నా తగ్గకుండా పావుగంట ఎద పట్టేస్తే, ఆ బిగుతు దవడకో చేతికో వీపుకో పాకితే, చెమటలూ వాంతీ వస్తే, ఊపిరి ఆడక ఒక్క మాట పూర్తిగా అనలేకపోతే, కళ్ళు తిరిగి పడిపోతే, దగ్గులో నెత్తురు పడితే, ఇంకెవర్నీ అడగొద్దు.

మావయ్య: అడక్కుండా ఏం చెయ్యమంటావ్?

మేనకోడలు: 108కి ఫోను. మనిషిని కూర్చోబెట్టాలి, మెట్లు దిగి నడవనివ్వకూడదు. స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళకూడదు. ఆస్పిరిన్ పడనివాళ్ళు కాకపోతే, రక్తస్రావం జబ్బులేవీ లేకపోతే, ఫోన్లో వాళ్ళని అడిగి 300 మిల్లీగ్రాములది నమిలించొచ్చు. అన్నట్టు, మీ జేబులో సార్బిట్రేట్ ఉందిగా, అది అందరి నాలిక కిందా పెట్టేయకండి. బీపీ పడిపోయి ఉన్నవాళ్ళకి అది పెడితే ఇంకా పడిపోతుంది.

మావయ్య: సరే, ఆ రాత్రి తప్పే అనుకో. కానీ చివరికి ఈసీజీ నార్మలేగా వచ్చింది? నేననుకున్నదే నిజమైంది.

మేనకోడలు: ఈసీజీ అంటే పది సెకన్ల ఫొటో మావయ్యా. ఫొటో తీసినప్పుడు ఇంట్లో దొంగ లేడు, అంతే. గుండెపోటు నడుస్తున్నప్పుడు కూడా మొదటి ఈసీజీ శుభ్రంగా రావచ్చు, అందుకే అనుమానం ఉంటే మళ్ళీ మళ్ళీ తీస్తారు. రక్తంలో ట్రోపోనిన్ చూస్తారు. అది పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి దాన్నీ రెండుసార్లు చేస్తారు. మీ ఫైల్లో ఆ కాగితమే లేదు.

మావయ్య: అడిగితే, ఇప్పుడు అవసరం లేదన్నారు.

మేనకోడలు: శనివారం ఒక్కసారి చేసినా తేలిపోయేది. ఇవాళ మంగళవారం. ఇప్పుడు చేయించినా, ఆ రాత్రి గుండె కండరం దెబ్బతిని ఉంటే ఇంకా రక్తంలో దొరుకుతుంది. వారం దాకా ఉంటుంది. రేపు ఉదయం మొదటి పని అది. కొన్ని వందలతో పోయేదానికి ఏళ్ళ తరబడి అనుమానం ఎందుకు?

మావయ్య: అంటే మళ్ళీ టెస్టులు మొదలు. నీ వరస చూస్తే చిన్నగా సీటీ స్కాన్ దాకా లాగేలా ఉన్నావు. అంతకన్నా విజయవాడలో ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ ఉంది, డెబ్భై రెండు టెస్టులట, ఒకేసారి చేయించేస్తే గొడవ వదులుతుంది.

మేనకోడలు: ఇప్పటిదాకా ఒక్క టెస్టూ వద్దన్నారు, ఇప్పుడు డెబ్భై రెండు కావాలంటున్నారా?

మావయ్య: ఏదో ఒకటి తేలాలి కదమ్మా. ఉంటే ఉందనాలి, లేకపోతే లేదనాలి. ఈ మధ్యలో వేలాడటం నా వల్ల కాదు.

మేనకోడలు: నా వల్లా కాదు. కానీ డెబ్భై రెండు చేయిస్తే అందులో రెండు మూడైనా గీత దాటి వస్తాయి, ఏ జబ్బూ లేనివాళ్ళకి కూడా. అప్పుడు ఆ మూడింటి వెనక పరిగెత్తుతాం, ఆయాసం ఇక్కడే కూర్చుని ఉంటుంది. నేనడిగేది టెస్టుల సంఖ్య కాదు. అత్తయ్యని ఎవరైనా తీరిగ్గా కూర్చోబెట్టి అడిగారా అని.

మావయ్య: అడిగారు. ఆయాసమా అన్నారు, అవునంది. నొప్పా అన్నారు, కాదు బిగుతంది. షుగరుందా అన్నారు, లేదంది. మందులేమైనా వాడుతున్నారా అన్నారు, లేదంది. నడండి ఎకోకి అన్నారు. అయినా నాకు చూస్తే తెలుస్తూనే ఉంది. అబ్బాయి ఉద్యోగం పోయినప్పటి నుంచీ దీనికి నిద్ర లేదు. అంతా మనసు. ఇది ఇప్పటిది కూడా కాదు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకి ఇదే జబ్బు. ఆయాసం, గుండె దడ, ఎదలో నొప్పి. డా కోస్టా అనే ఫిలడెల్ఫియా డాక్టరు వందల మందిని పరీక్షించి 1871లో రాశాడు. గుండెలో ఏ లోపమూ దొరకలేదు. చిరాకు గుండె అని పేరు పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళకీ అదే వస్తే థామస్ లూయిస్ అని ఇంకో పెద్ద డాక్టరు వాళ్ళందరికీ ఆసుపత్రిలో డ్రిల్లు పెట్టించాడు. రోజూ కాస్త కాస్త పెంచుతూ.

మేనకోడలు: బాగయ్యారా?

మావయ్య: చాలామంది మళ్ళీ ఏదో ఒక డ్యూటీకి పనికొచ్చారు.

మేనకోడలు: మరి డా కోస్టా ఆ సైనికులకి ముందు ఏం జరిగిందో ఏమైనా రాశాడా?

మావయ్య: రాశాడు. చాలామందికి ముందు జ్వరాలు, విరేచనాలు. తేరుకోక ముందే బరువులు మోసుకుంటూ కవాతులు.

మేనకోడలు: చూశారా, అంత పాత డాక్టరే మనసు అని గిరాటెయ్యలేదు. ముందేం జరిగిందని అడిగాడు. లూయిస్ పేరు కోసం ఆగకుండా చెయ్యగలిగింది చేశాడు. నాకు మీ సైనికులు భలే నచ్చారు. మనసు వల్ల ఆయాసం రాదని నేననను మావయ్యా. వస్తుంది, అదీ నిజమైన ఆయాసమే. మా వార్డుకి వారానికొకరన్నా వస్తారు. కానీ దానికి దాని గుర్తులు ఉంటాయి. ఉన్నట్టుండి మొదలై కొన్ని నిమిషాల్లో శిఖరానికి పోతుంది. వేళ్ళూ పెదాల చుట్టూ తిమ్మిరి ఎక్కుతాయి. చచ్చిపోతున్నాననిపిస్తుంది. కాసేపటికి దిగిపోతుంది. గట్టిగా నిట్టూర్పు తీసినా ఊపిరి నిండినట్టు ఉండదు. అవి ఉంటే ఆ జబ్బు, దానికి మందులూ మాటల వైద్యమూ రెండూ ఉన్నాయి. ఏమీ దొరకలేదు కాబట్టి మనసు అనడం మాత్రం ఒప్పుకోను. ఇంకోటి, ఆ కాగితం సంచీలో ఊపిరి పీల్పించడం ఎక్కడన్నా చూసి చెయ్యకండి. లోపల నిజంగా ఉబ్బసమో గుండె జబ్బో ఉంటే ఉన్న ఆక్సిజనూ తగ్గుతుంది.

మావయ్య: ఆక్సిజన్ అంటే గుర్తొచ్చింది. కరోనా నాటి క్లిప్పు ఉందిగా, రోజూ పెట్టి చూస్తున్నా. తొంభై ఏడుకి తగ్గట్లేదు. ఊపిరితిత్తులు బ్రహ్మాండంగా ఉన్నట్టేగా?

మేనకోడలు: దాన్ని తెచ్చి పెట్టండి అత్తయ్య వేలికి. ...తొంభై ఏడు. సరే. ఇదేమీ మీరనుకున్నంత హామీ కాదు. ఉన్న రక్తంలో ఎంత భాగం ఆక్సిజన్ పట్టుకుందో చెప్తుంది గానీ అసలు రక్తం ఎంతుందో చెప్పదు. హిమోగ్లోబిన్ ఆరు గ్రాములున్న మనిషికీ తొంభై ఎనిమిది చూపిస్తుంది, ఆ మనిషి రెండు మెట్లు ఎక్కలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. తెలంగాణలో 57 పైచిలుకు. అత్తయ్య ఆ వయసు దాటారు కానీ మోకాళ్ళకి ఏళ్ళ తరబడి నొప్పి మాత్రలు వేసుకున్నారు, కడుపులో సన్నగా రక్తం పోతుంటే ఎవరికి తెలుస్తుంది? ఎకో చేసిన చోట హిమోగ్లోబిన్ చెయ్యలేదు. అది నాకు ఒళ్ళు మండే సంగతి.

మావయ్య: ఎకో చేశారుగా. ఈఎఫ్ 62 శాతం. గుండె పంపు బాగుందన్నారు.

మేనకోడలు: పిండటం బాగుంది. గుండెకి పిండటం ఒక పని, సాగి నింపుకోవడం ఇంకో పని. బీపీ, బరువు ఉన్న పెద్ద వయసు ఆడవాళ్ళలో గుండె బిరుసెక్కి సరిగ్గా నిండక ఆయాసం వస్తుంది, ఈఎఫ్ మాత్రం అరవై దాటి కూడా ఉండొచ్చు. దానికి బీఎన్‌పీ అని రక్తపరీక్ష ఉంది. అలాంటివాళ్ళకి పాదాలు వాస్తాయి, పడుకుంటే ఊపిరాడదు, ఇంకో దిండు కావాలి. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పి పెట్టి, అప్పుడు ఆయాసం మొదలైతే అది ఇంకో కథ. కాల్లో గడ్డ కట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ఉండొచ్చు. ఆపరేషన్లయ్యాక, చాలాకాలం మంచం మీద ఉన్నాక, అమెరికా విమానాలు దిగాక చూస్తాం. అదీ ఈసీజీకి, ఎక్స్‌రేకి దొరక్కపోవచ్చు. అది ఆగే జబ్బు కాదు, ఆ రాత్రే ఆసుపత్రి... ఆగండి ఆగండి. మావయ్యా, ఈ క్లిప్పు మీద రెండో అంకె ఎప్పుడైనా చూశారా?

మావయ్య: తొంభై ఏడు కింద ఉన్నదా? అది మనకెందుకు?

మేనకోడలు: అది నాడి. యాభై మూడు. ఆయాసపడే మనిషికి నాడి సాధారణంగా పరిగెత్తుతుంది. అత్తయ్యది నడవటం కూడా లేదు. ఈసీజీ కాగితం ఇటివ్వండి. ఇదిగో, కింద నార్మల్ అని రాసి, పైన మిషను కొట్టిన వరసలో సైనస్ బ్రాడీకార్డియా, 54 అని ఉంది. గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది.

మావయ్య: యోగా చేసేవాళ్ళకి అలా ఉంటుందంటారు.

అత్తయ్య: నేనెప్పుడు చేశాను యోగా?

మేనకోడలు: అత్తయ్యా, మీరే చెప్పండి. ఎప్పుడెప్పుడు వస్తోంది?

అత్తయ్య: పగలు పనిచేస్తుంటే ఉంటుంది. రాత్రి నిద్రపోయాక మూడు, నాలుగింటికి మెలకువ వస్తుంది, ఎద మీద ఎవరో కూర్చున్నట్టు. లేచి కూర్చుంటే దగ్గు. అగరొత్తి వెలిగిస్తే ఇంకా ఎక్కువ. మొన్న కారం పట్టించుకొచ్చి డబ్బాల్లో పోస్తుంటే ప్రాణం పోయిందనుకున్నా. ఆ శుక్రవారం రాత్రి పూజ అయ్యాక దోమల చుట్ట కూడా వెలిగించారు మీ మావయ్య.

మేనకోడలు: పిల్లికూతలు వినపడుతున్నాయా?

అత్తయ్య: నాకు తెలీదు గానీ, పక్కన పడుకుంటే మనవరాలు అంది, నాన్నమ్మా నీ గుండెల్లో పిల్లుందా అని.

మేనకోడలు: చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదా?

మావయ్య: ఆ, ఉండేది. అది ఎప్పుడో పోయింది. మా మావగారు మూడేళ్ళు వరసగా మృగశిర కార్తెకి హైదరాబాదు తీసుకెళ్ళి దూద్‌బౌలిలో బత్తినివారి చేప మందు మింగించారు. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందుముద్ద పెట్టి గొంతులో వేస్తారు. నలభై అయిదు రోజులు పథ్యం. పదో తరగతికొచ్చేసరికి మాయం. మీ ఇంగ్లీషు మందులు జీవితాంతం వాడాలి, అది మూడుసార్లతో సరి.

మేనకోడలు: పిల్లల్లో చాలామందికి పెద్దవుతుంటే ఉబ్బసం దానంతటదే సద్దుమణుగుతుంది, చేప మింగినా మింగకపోయినా. ఆ గొడవ ఇంకోసారి పెట్టుకుందాం. సద్దుమణిగింది మళ్ళీ లేవొచ్చు, యాభై దాటాక కూడా. ఈ సంగతి శనివారం గుండె డాక్టరుగారికి చెప్పారా?

మావయ్య: తగ్గిపోయినదాన్ని ఎందుకు చెప్పడం?

మేనకోడలు: సరే, ఇంకొకటి. రెండు నెలల క్రితం కొత్తగా ఏమైంది? ఇల్లు మారారా, సున్నాలేశారా, కుక్కనో పిల్లినో తెచ్చారా, కొత్త మందేదైనా మొదలెట్టారా?

అత్తయ్య: ఏ మందూ లేదమ్మా. ఇప్పుడు మాత్ర అన్నది మింగను. ఆ కళ్ళలో వేసుకునే చుక్కలు తప్ప.

మేనకోడలు: ఏ చుక్కలు?

అత్తయ్య: కళ్ళజోడు మార్చుకోవడానికి వెళ్తే కంట్లో ప్రెషరు ఎక్కువుంది, నీటికాసులు అన్నారు. పొద్దునొకటి, రాత్రొకటి. టీవీ పక్కన ఉంది చూడు.

మేనకోడలు: ...టిమోలాల్. అర శాతం. మావయ్యా, ఇది చూడండి.

మావయ్య: కంట్లో చుక్కకీ ఊపిరికీ సంబంధమేంటి? నువ్వు కూడా ఆ టీవీలో చెప్పేవాళ్ళలా తయారయ్యావే.

మేనకోడలు: అత్తయ్యా, చుక్క వేసుకున్న కాసేపటికి గొంతులో చేదు తగులుతుందా?

అత్తయ్య: తగులుతుంది. నీళ్ళు తాగుతా.

మేనకోడలు: అదే దారి. కంటి మూల నుంచి ముక్కులోకి సన్న గొట్టం ఉంటుంది, ఏడిస్తే ముక్కు కారేది అందుకే. చుక్క అందులోంచి ముక్కు లోపలి పొరకి చేరి నేరుగా రక్తంలో కలుస్తుంది. మాత్రయితే ముందు కాలేయం గుండా పోయి సగం విరిగిపోతుంది, దీనికి ఆ అడ్డు కూడా లేదు. ఇది గుండె వేగం తగ్గించే మందుల జాతిది, బీటా బ్లాకర్. అవే ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఊపిరి గొట్టాలు బిగిస్తాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఈ చుక్కలు ఇవ్వకూడదని మందు కాగితం మీదే ఉంటుంది. నాడి యాభై మూడు, రెండు నెలల లెక్క, పిల్లికూతలు. ఇదే కారణమని ఒట్టేసి చెప్పను. కానీ మీ డెబ్భై రెండు టెస్టుల్లో ఈ సీసా దొరికేది కాదు.

మావయ్య: మరి ఆ కళ్ళ డాక్టరుకి తెలియదా?

మేనకోడలు: తెలుసు. ఉబ్బసం ఉందా అని అడిగే ఉంటారు. మీరు తగ్గిపోయిందని లేదని ఉంటారు. గుండె డాక్టరు మందులున్నాయా అంటే అత్తయ్య మాత్రలు లెక్కపెట్టి లేవన్నారు. చుక్కలు, పూతలు, ఆయుర్వేదం పొడులు, మోకాళ్ళకి తైలంతో పాటు ఇచ్చిన గోళీలు, వీటిని మనవాళ్ళెవరూ మందుల్లో కలపరు. స్టెంటు వేశాక కొందరికి టికాగ్రెలార్ అని ఇస్తారు, దానికీ ఆయాసం వస్తుంది. నొప్పి మాత్రలతో ఉబ్బసం రేగేవాళ్ళున్నారు. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు చీటీలు కాదు, ఇంట్లో ఉన్న సీసాలూ అట్టలూ సంచీలో వేసుకుపోవాలి.

(ఇక్కడ కథ ముగిస్తే డిటెక్టివ్ నవలలా బాగుంటుంది. జబ్బులు అలా ముగియవు. సీసా దొరికింది గానీ ట్రోపోనిన్ ఇంకా చేయించాలి, హిమోగ్లోబిన్ కూడా చూడాలి. ఒక కారణం దొరికితే రెండోది ఉండకూడదన్న నియమం లేదు. మేస్టారు కూడా సరిగ్గా ఇదే పట్టుకున్నారు.)

మావయ్య: చుక్కలు ఆపేశాం అనుకో. అయినా తగ్గలేదు. అప్పుడు?

మేనకోడలు: మొదట, మనంతట మనం ఆపం. నీటికాసులు నొప్పి లేకుండా చూపు తినేస్తుంది, పోయిన చూపు తిరిగి రాదు. కళ్ళ డాక్టరుకి ఉబ్బసం సంగతి, నాడి సంగతి చెప్పాలి. ఊపిరి జోలికి రాని వేరే రకం చుక్కలున్నాయి, లాటనోప్రోస్ట్ లాంటివి. మార్చి ఇస్తారు. రెండోది, స్పైరోమెట్రీ. గొట్టంలోకి గట్టిగా ఊదిస్తారు, గొట్టాలు వెడల్పు చేసే మందు పీల్పించి పావుగంటాగి మళ్ళీ ఊదిస్తారు. మొదటి సెకనులో వదిలే గాలి నూటికి పన్నెండు వంతులూ, 200 మిల్లీలీటర్లూ పెరిగితే ఉబ్బసానికి సాక్ష్యం. కానీ ఆ రోజు బాగుంటే అదీ నార్మల్ వస్తుంది.

మావయ్య: మళ్ళీ నార్మల్!

మేనకోడలు: అందుకే పీక్ ఫ్లో మీటరు కొందాం. ప్లాస్టిక్ గొట్టం, దాని మీద ముల్లు, కొన్ని వందల రూపాయలు. పొద్దున మూడుసార్లు, సాయంత్రం మూడుసార్లు ఊది ఎక్కువ వచ్చిన అంకె రాసుకోవాలి. రెండు వారాలు. రోజులో తేడా సగటున పది శాతం దాటితే అనుమానం బలపడుతుంది. మీరు గళ్ళ కాగితం మీద గ్రాఫు గీయండి, పిల్లలకి గీయించారుగా ఇన్నాళ్ళూ. పక్కనే ఆ రోజు ఏం చేశారో రాయండి, అగరొత్తి, కారం, మెట్లు, కోపం, అన్నీ.

మావయ్య: కోపం కూడానా?

మేనకోడలు: అది ముఖ్యంగా. మనసుకీ మనం వాటా తీసేయలేదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, ట్రోపోనిన్ మూడూ రేపే. రెండు వారాల తర్వాత గ్రాఫు చదునుగా ఉండి ఆయాసం అలాగే ఉంటే, అప్పుడు బీఎన్‌పీ, ట్రెడ్‌మిల్లు, అవసరమైతే మీరు భయపడే సీటీ కూడా. అప్పుడది గుడ్డిగా చేయించినట్టు ఉండదు, దేనికోసం వెతుకుతున్నామో తెలిసి చేయించినట్టు ఉంటుంది. ఈ మధ్యలో నేను ఇందాక చెప్పిన గుర్తుల్లో ఏ ఒక్కటి కనపడినా ఈ పథకమంతా రద్దు. తిన్నగా 108.

మావయ్య: ఇన్‌హేలర్ మాత్రం నేను ఒప్పుకోను. ఒకసారి మొదలెడితే అలవాటైపోతుంది. మన వీధి చివర ఆర్‌ఎంపీ ఉన్నాడు, డెరిఫిలిన్, డెకడ్రాన్ కలిపి ఒక్క సూది ఇస్తే గంటలో లేచి తిరుగుతారు.

మేనకోడలు: తిరుగుతారు. డెకడ్రాన్ స్టెరాయిడ్, అందుకే తిరుగుతారు. నెలకి రెండు సూదులు పడితే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఇన్‌హేలర్లో ఉండేదీ స్టెరాయిడే, కానీ మైక్రోగ్రాముల్లో, నేరుగా ఊపిరి గొట్టాలకి. మిల్లీగ్రాముల్లో ఒళ్ళంతా పంచే సూదికి భయపడరు, చుట్టాల ముందు నోట్లో గొట్టం పెట్టుకోవడానికి భయపడతారు. ఒక్క మాట మాత్రం మీ వైపు ఉంది. పట్టేసినప్పుడల్లా నీలం ఇన్‌హేలర్ ఒక్కటే కొట్టుకుంటూ బతకడం మంచిది కాదని 2019 నుంచి ప్రపంచమంతా ఉబ్బసం మార్గదర్శకాలు మార్చింది. వాపు తగ్గించే మందు కూడా కలిసి ఉండాలి. ఏది, ఎంత అన్నది ఛాతీ డాక్టరు చెప్తారు. అసలు ఉబ్బసమని తేలితేనే.

మావయ్య: అంటే ఇంత చెప్పీ, ఇది ఏ జబ్బో నీకు కూడా తెలియదన్నమాట.

మేనకోడలు: తెలియదు. రేపు ఏం చెయ్యాలో తెలుసు.

మావయ్య: ఎనిమిది వేలు పోసి గుండె డాక్టరు దగ్గర కొన్న నార్మల్ అన్న మాటని నువ్వు వరండాలో కూర్చుని కొట్టిపారేశావు. ఆ డబ్బు దండగేగా?

మేనకోడలు: దండగ కాదు. ఎకోలో కవాటాలు బాగున్నాయని తేలింది, గుండె చుట్టూ నీరు లేదని తేలింది. ఎక్స్‌రేలో నెమ్ము లేదు, గడ్డ లేదు. అవన్నీ నిజంగా తేల్చుకోవాల్సినవే. నాకు కోపం వాటి మీద కాదు, వాటి తర్వాత ఫైలు మూసేసినందుకు.

మావయ్య: దోమల చుట్ట మానేస్తా. అగరొత్తి దాని ఇష్టం, ఆ విషయంలో నేను కల్పించుకోను.

అత్తయ్య: మీ వాదన బాగానే ఉంది గానీ, ఎనిమిది కావస్తోంది, నా చుక్కలు వేసుకునే వేళ. వేసుకోవాలా మానాలా? అదన్నా ఎవరైనా చెప్తారా?

మేనకోడలు: ఆ చీటీ మీద కళ్ళాసుపత్రి నంబరుంది. ఇప్పుడే చేస్తున్నా. డ్యూటీలో ఎవరున్నా సరే, ఉబ్బసం ఉండేది, నాడి యాభై మూడు, రెండు నెలలుగా ఆయాసం, ఈ మూడూ చెప్పి అడుగుదాం. వాళ్ళు ఫోనెత్తేదాకా ఆ సీసా నా దగ్గరే ఉంచండి, ఒక గంట ఆలస్యమైతే కన్నేమీ పోదు. ఒకవేళ ఇవాళ్టికి వేసుకోమంటే, చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్క మూలని వేలితో రెండు నిమిషాలు నొక్కిపట్టండి, లోపలికి దిగేది చాలావరకు తగ్గుతుంది. మావయ్యా, స్పీకరు పెట్టండి, మీరు కూడా వినాలి. హలో... ఆ, నమస్తే అండీ...